ఏ బండికి ఏ నూనె

పోయిన నెల ఖమ్మంలో ఒక పెళ్లికి వెళ్తే భోజనాల పంక్తిలో ముత్తయ్య కనిపించాడు. ఒకప్పుడు మా ట్రాక్టరు నడిపినవాడు. పక్కన కూర్చోమన్నాను. పిల్లల చదువులూ, వానలూ, పత్తికి పట్టిన పురుగూ అన్నీ అయ్యాక, పప్పన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"అక్క పోయిందమ్మా. ఎండాకాలంల."

ఏ అక్క అని నేను అడగలేదు. ఆ రోజుల్లో బూర్గంపాడు చుట్టుపక్కల ట్రాక్టరున్న ఇళ్లలో అక్క అంటే ఒక్కరే. ట్రాక్టర్లకు నూనెలు అమ్మే అక్క. అసలు పేరు నాకు తెలియదు. పదేళ్లకు పైగా ఆమె దగ్గరికి వెళ్లొచ్చాను గానీ పేరు అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ మాట వినగానే నాకు ఆమె ముఖం గుర్తుకు రాలేదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గుర్తుకొచ్చాయి. మన బండిలోంచి తీసుకెళ్లిన నూనెను ఒక చుక్క ఆ రెండు వేళ్ల మధ్య వేసుకుని మెల్లగా రుద్దేది. రుద్దుతూ నూనె వైపు చూసేది కాదు. తెచ్చినవాళ్ల ముఖం వైపు చూసేది. డాక్టరు నాడి పట్టుకుని మన కళ్లలోకి చూస్తాడే, అలా. మగవాళ్లు కూడా ఆ కాసేపు ఇబ్బందిగా కదిలేవాళ్లు.

సారపాక రోడ్డు మీద ఒక రేకుల గది ఆమె దుకాణం. లోపల చెక్క దిమ్మల మీద పడుకోబెట్టిన నాలుగు డ్రమ్ములు, ఒక్కోదానికి ఒక్కో ఇత్తడి కొళాయి. గడప పక్కన కిరసనాయిలు పొయ్యి, దాని మీద ఇనప పెనం. ఆ పెనం మీద రొట్టె కాలడం నేనెప్పుడూ చూడలేదు. వేడెక్కిన పెనం మీద నూనె చుక్క వేసి చెవి దగ్గర పెట్టుకునేది. చిటపటమంటే నూనెలో నీళ్లు కలిశాయని లెక్క. గోడకు కొట్టిన చెక్క మీద వరసగా దగ్గుమందు సీసాలు, వాటి నిండా రకరకాల రంగుల్లో నూనెలు, మెడలకు పాత చీరల పేలికలు. చదువు రాని ఆమెకు అవే పుస్తకాలు. ఏ సీసా ఏ ఊళ్లో ఎవరి బండిలోదో తడుముకోకుండా చెప్పేది.

బక్కపలచటి మనిషి. నలభై అయిదేళ్లుండేవేమో. మగవాళ్ల చేతి గడియారం ఒకటి పెట్టుకుని, నూనె అంటకుండా మోచేతి దాకా తోసుకునేది. టీ ఎప్పుడూ ఎడమచేత్తోనే తాగేది, కుడిచేతికి ఎంత రంపపుపొట్టు రుద్దినా వాసన పోదని. భర్త ట్రాక్టర్లు బాగుచేసేవాడట. ఆయన పనిచేస్తుంటే తను పక్కన కూర్చునేదట. ఆయన పోయాక సామాన్లు అమ్మేసి డ్రమ్ములు మాత్రం ఉంచుకుంది. ఆమె సంసారం గురించి నాకు తెలిసింది ఇంతే.

నేను మొదటిసారి ఆ గడప తొక్కింది నాట్లకు ముందు మళ్లు దమ్ము చేసే రోజుల్లో. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పుట్టిల్లు ఖమ్మం దగ్గర ముదిగొండ. అత్తవారు నా పెళ్లికి ముందే కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి కిన్నెరసాని పక్కన పొలాలు కొన్నవాళ్లు. వస్తూ వస్తూ ఒక పాత ట్రాక్టరును రోడ్డు మీద నడిపించుకుంటూ తెచ్చారు. పరాయి దేశంలో తయారై ఓడలో దిగిన బండి. దాని వయసూ నా వయసూ దాదాపు ఒకటే. ఆ ఏడాది మా ఆయన గడ్డి బండి మీంచి పడి తుంటి ఎముక విరిగి, ముదిగొండలో మా అమ్మ దగ్గర మంచం మీద ఉన్నాడు. మామగారికి మోకాళ్ల నొప్పులు. ట్రాక్టరు నడిపేది ముత్తయ్య. అడవి అంచున ఉన్న గూడెం నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. ఆ బండి మీద ఉన్నంత ప్రేమ మా ఇంట్లో ఇంకెవరికీ దాని మీద ఉండేది కాదు.

సరిగ్గా దమ్ము మొదలుపెట్టిన రోజు లిఫ్టు లేవడం మానేసింది. లిఫ్టు అంటే బండి వెనక బరువైన ఇనప గొర్రును పైకెత్తి దించే ఏర్పాటు. గొర్రు లేవకపోతే మడి చివర బండి తిరగదు. ముత్తయ్య మీట లాగుతుంటే లోపల పంపు కుక్కపిల్లలా ఏడుస్తోంది తప్ప గొర్రు కదలదు. నూనె తెమ్మని మామగారు నాకు ఖాళీ డబ్బా ఇచ్చి, నూటనలభై నంబరుదే తేవాలని మరీ మరీ చెప్పారు. అన్నిటికన్నా చిక్కటి గేరు నూనె అది.

దుకాణం ముందు నలుగురైదుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. నేను నూటనలభై అన్నాను. ఏ నూనె అని ఆమె అడగనే లేదు, ఏ బండి అని అడిగింది. చెప్పాను. ఎన్నేళ్లదంది. చెప్పాను. పాత నూనె దించి ఎన్నాళ్లయిందంటే తెలియదన్నాను.

"గేర్లకూ లిఫ్టుకూ కలిపి ఒకటే పొట్టనా, ఏరేఏరేనా?"

"తెలవదక్కా."

"తెల్వనిదానికి ఏం పోస్తం? పోయి చూసి రా. లోపలున్నది సీసాల కొంచెం పట్టుకరా."

మూడు కిలోమీటర్లు. నలుగురి ముందూ అలా పంపేసినందుకు సగం దారి ఏడ్చుకుంటూ నడిచాను. ఇంటికొచ్చాక ముత్తయ్య బండి కింద పడుకుని నాకు చూపించాడు. మా బండిలో గేర్లకూ లిఫ్టుకూ మధ్య గోడ లేదు. పోసే రంధ్రం ఒకటే, దించే నట్టూ ఒకటే. నట్టు విప్పితే నూనె బెల్లం పాకంలా తీగ సాగుతూ వచ్చింది. ఆ మధ్యాహ్నమే సీసా పట్టుకుని మళ్లీ వెళ్లాను.

రెండు వేళ్ల మధ్య రుద్దింది. నా ముఖం చూసింది. ఇది ఎవరు పోశారని అడిగింది. మామగారన్నాను. నూనె చిక్కగా ఉంటే బండికి బలమని ఆయన నమ్మకమన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వింది.

"మీ మామకు బెల్లం పాకం ఇచ్చి బొప్పాయి కాడతోటి పీల్చమను. పంపు బాధ ఏందో తెలుస్తది."

తర్వాత ఓపిగ్గా చెప్పింది. గేరు పళ్లు ఎంత చిక్కటి నూనెలోనైనా తిరుగుతాయి. కానీ లిఫ్టు పంపు నూనెను పీల్చుకోవాలి. మాలాంటి బండిలో రెండూ ఒకే నూనె తాగుతాయి కాబట్టి, గేర్లకు చాలినంత చిక్కగా, పంపు పీల్చగలిగినంత పల్చగా ఉండేది పోయాలి. పొట్టలు వేరువేరుగా ఉన్న బండ్లయితే గేర్లకు ఒకటి, లిఫ్టుకు ఇంకోటి. ఏ నూనే చెడ్డది కాదు, దాని చోటు వేరు. ఇలా చెబుతూ మూడో డ్రమ్ము కొళాయి తిప్పింది. అది నూటనలభై కన్నా చవక. డబ్బా చేతికిచ్చి, అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పింది. లేపినదాని కింద ముందు చెక్క పెట్టాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మర్నాడు పొద్దున ముత్తయ్య మీట లాగితే, నీళ్లలోంచి బర్రె లేచినట్టు గొర్రు తాపీగా పైకి లేచింది. మామగారు కాసేపు చూసి, ఇవాళ ఎండ బాగా కాసింది, దానివల్ల లేచిందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

అప్పటినుంచి నూనె పని నాదైంది. మా ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక కూడా నాదే. వెళ్లినప్పుడల్లా ఒక గంట కూర్చునేదాన్ని. ఏదో ఒకటి ఇవ్వమనేవాడన్నా, అన్నిటికన్నా ఖరీదైంది ఇవ్వమనేవాడన్నా ఆమెకు ఒకేలా చిరాకు. ఇద్దరికీ తమ బండి గురించి తెలుసుకోవాలని లేదనేది. ఒకసారి ఒకతను ఎక్కడిదో పెద్ద క్యాను తెచ్చి, మంచి నూనె, చవగ్గా వస్తుందని అమ్మజూపాడు. ఆమె చుక్క రుద్ది చూసి, మంచిదే, నీదీ కాదు నాదీ కాదు, ఎక్కడిది అక్కడ పెట్టమంది. అంతకుమించి కోప్పడలేదు. ఆమె కోపం ఎప్పుడూ మాట రూపంలో వచ్చేది కాదు. కొళాయి తిప్పకుండా చేతులు కట్టుకుని కూర్చునేది, అంతే. అవతలివాడు కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు.

ఆ తర్వాత మూడో ఏడాదో నాలుగో ఏడాదో, శ్రావణంలో గోదావరి పొంగి కిన్నెరసానిని వెనక్కి తోసింది. మేం పిల్లల్నీ గొడ్లనీ తీసుకుని మెరక మీదున్న ఊరికి వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి ట్రాక్టరు సీటు దాకా బురద గీత ఉంది. మూడు రోజులు మునిగే ఉందట. ముత్తయ్య కింది నట్టు విప్పితే ముందు ఎర్రటి నీళ్లొచ్చాయి. ఆ తర్వాత పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి ద్రవం వచ్చింది. నూనే, నీళ్లూ, గోదావరి ఒండ్రూ కలిసిపోయిన ముద్ద. ఆ ఒడ్డున ఉన్న బండ్లన్నిటి సంగతీ అదే.

అక్క ముందే డ్రమ్ములను ఎడ్లబండికెత్తించి ఎత్తు మీదున్న బడి వసారాలో పెట్టించింది. వరద తీశాక అక్కడినుంచే అమ్మింది. ఉన్నవి నాలుగు డ్రమ్ములు, కావలసినవాళ్లు పది ఊళ్లవాళ్లు. అందుకని ఒక పద్ధతి పెట్టింది. ముందు చెడిన నూనె మొత్తం దించాలి. డీజిలు కలిపిన పల్చటి నూనె పోసి, బరువు లేకుండా అన్ని గేర్లలో బండి తిప్పి, లిఫ్టును ఇరవైసార్లు లేపి దించి, అది పారబోయాలి. మళ్లీ ఇంకోసారి అంతా చేయాలి. రెండోసారి దించినదాన్ని సీసాలో పట్టి తెస్తే, చూసి అప్పుడు కొత్త నూనె ఇస్తుంది. కడగని బండిలో పోస్తే ఉన్న కాస్త నూనే మట్టిపాలవుతుందని ఆమె బాధ.

మా నారుమళ్లు కొట్టుకుపోయాయి. ముదిగొండ నుంచి మా అన్న లారీలో నారు పంపాడు. పీకిన నారు కట్టలు ఎన్నాళ్లో ఆగవు. అప్పటికే కొసలు పసుపు తిరుగుతున్నాయి. ఆ పంట పోతే ఆ ఏడాది ఇంట్లో గింజలుండవు. డీజిలు దొరకడమే కష్టంగా ఉంది. దొరికినదానితో ఒక్కసారి కడిగాం, అదీ హడావుడిగా.

పక్క పొలం రైతు తన బండిని రెండోసారి కడిగి దించిన నూనె బొచ్చెలో పెట్టి ఉంది. ముత్తయ్య బురదలో దిగబడకుండా బిగించే ఇనప కేజీ వీల్స్ తేవడానికి వెళ్లాడు. నేను ఆ బొచ్చెలోంచి నా సీసా నింపుకున్నాను.

బడి వసారా ముందు నలభై మంది ఉన్నారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె చుక్క వేళ్ల మధ్య వేసుకుని రుద్దింది. నా ముఖం వైపు చూసింది. మామూలు కన్నా కాస్త ఎక్కువసేపే చూసిందని నాకు అనిపించింది.

"కడిగిన్రా రెండుసార్లు?"

"కడిగినమక్కా."

కొళాయి తిప్పింది. ఆ రోజు చెక్క సంగతి చెప్పలేదు. చెప్పిందేమో, వెనక నుంచి తోస్తున్న జనంలో నేను వినలేదేమో. ఇంటికి వచ్చాక, రెండోసారి కడగలేదు కదమ్మా అని ముత్తయ్య అడిగితే, మన బండికి ఒక్కసారి చాలని అక్కే చెప్పిందన్నాను. ముత్తయ్య నమ్మాడు. అక్క చెప్పిందంటే అతను దేనికైనా నమ్మేవాడు.

మర్నాడు ఒక మడి దమ్ము అయింది. రెండో మడిలో, వరదకు కొట్టుకొచ్చిన తీగలు గొర్రుకు చుట్టుకున్నాయి. ముత్తయ్య గొర్రు పైకి లేపి దిగాడు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నారు వడిలిపోతోంది, జల్దీ కానివ్వమని కేకేశాను. అతను వంగి తీగలు లాగడానికి గొర్రు కింద చెయ్యి పెట్టాడు. గొర్రు కాసేపు అలాగే నిలిచి ఉంది. ఉన్నట్టుండి ఒక్కసారిగా కిందికి పడింది.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఎవరిదో జీపులో వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. మిగతా దమ్ము ఎవరివో ఎడ్లతో పూర్తిచేసి కూలీలు ఆ రోజే నాట్లు వేశారు. కూలీలను ఆపమని చెప్పే ధ్యాస నాకు లేదు. ధ్యాస ఉంటే మాత్రం ఆపమనేదాన్నా అంటే, ఇప్పటికీ తెలియదు.

మామగారు ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పారు, అది కల్తీ నూనె అని. వరద తర్వాత ఎవరి బండికి ఏ జబ్బు చేసినా అదే మాట అంటుకుంది. వారం తిరక్కుండా జనం పాల్వంచ దాకా వెళ్లి నూనె తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నేను వింటూ ఊరుకున్నాను.

అయిదో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. ముందు దవాఖానాకు వెళ్లి ముత్తయ్యను చూసి, అటునుంచి అటే వచ్చింది. మా బండిలోని నూనె కొంచెం తెమ్మంది. పెనం పొయ్యి మీద పెట్టమంది. నేనే పెట్టాను. చుక్క పడగానే పెనం చిటపటలాడింది. ఇంకో చుక్క వేళ్ల మధ్య వేసుకుని రుద్ది, ఆ వేళ్లు నా వేళ్లకు ఆనించింది. సన్నటి ఇసక గరగరలాడింది.

"ఒండ్రు," అంది. "లిఫ్టు వాల్వుల ఇరుక్కుంది. ఇరుక్కున్నంతసేపు ఆగింది, జారంగనే ఇడిసింది."

మామగారు అరుగు మీద నుంచే అన్నారు. "నీ డ్రమ్ములోనే కలిసిందేమో చూసుకో. మావాళ్లు రెండుసార్లు కడిగారు. ఏమ్మా, కడిగారా లేదా?"

ఆ ప్రశ్న నాకు. ఆమె నా వైపు చూడలేదు. పెనం వైపు చూస్తోంది.

"కడిగాం మామయ్యా," అన్నాను.

ఆమె వేళ్లను కొంగుకు తుడుచుకుంది. "సరే తియ్యి," అంది. నేనిచ్చిన మజ్జిగ గ్లాసు చివరిదాకా తాగి, గ్లాసు గోడ వారగా పెట్టి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

దసరా అయిపోయింది. పొలం పొట్టకొచ్చింది. నేను సారపాక రోడ్డు వైపు వెళ్లడం మానేశాను. ముత్తయ్యకు మణుగూరులో ఒక కొలువు కోసం చాలా రోజులుగా ఎదురుచూస్తున్న పిలుపు వచ్చింది. వాళ్ల గూడెంలో నెల జీతం మీద పనికి వెళ్లే మొదటి మనిషి అయ్యేవాడు. వైద్య పరీక్షలో చెయ్యి చూసి పంపేశారు. వచ్చి మా వాకిట్లో కూర్చుని ఆ సంగతి చెప్పాడు. బాధపడుతూ చెప్పలేదు, దారిలో వాగు దాటానని చెప్పినట్టు చెప్పాడు. లేస్తూ ఇంకో మాట అన్నాడు. దవాఖానాలో ఉన్నప్పుడు, మన బండికి ఒక్కసారి చాలన్నవంట గదా అని అక్కను అడిగాడట. ఆమె అతని కట్టు వైపు చూసి, అవ్ అందట.

అవ్ అందట. తను అనని మాటను తన మీద వేసుకుంది. అక్కడినుంచే మా ఇంటికి వచ్చి పెనం పెట్టమంది. నేను నా నోటితో చెప్పడానికి ఆమె ఇచ్చిన వీలు అదే. దాన్ని నేను అలా వాడుకున్నాను.

మర్నాడు పొద్దున ముత్తయ్య గూడేనికి వెళ్లాను. అతను చేపలు పట్టే మావు బుట్ట అల్లుతున్నాడు, రెండు వేళ్లు లేని చేతికి ఆ పని ఇంకా అలవాటు కాలేదు. సీసా సంగతి, అక్క పేరు పెట్టి చెప్పిన అబద్ధం సంగతి, మామగారి ముందు ఆడిన అబద్ధం సంగతి అన్నీ చెప్పాను. అతని భార్య వాళ్ల భాషలో ఏదో అడిగింది. అతను మావు పక్కన పెట్టి నన్ను ఒక్కటే అడిగాడు.

"నారు నిలబడ్డదామ్మా, రెండో మడిల?"

నిలబడిందన్నాను. తలూపి మళ్లీ మావు అందుకున్నాడు. ఆ ప్రశ్న దెప్పుతూ అడిగాడో, రైతు రైతును అడిగినట్టు అడిగాడో నాకు ఈనాటికీ తెలియదు.

సంత రోజు దుకాణానికి వెళ్లాను. సంతకు వచ్చినవాళ్లు రోడ్డు మీద తిరుగుతున్నారు. దుకాణం ముందు ముగ్గురే ఉన్నారు. గడపలో నిలబడి, రోడ్డు మీదివాళ్లకు కూడా వినిపించేలా చెప్పాను. మా బండి రెండోసారి కడగలేదని, పక్కవాళ్ల బండి నూనె సీసాలో తెచ్చానని, నూనెలో ఏ కల్తీ లేదని, ముత్తయ్య వేళ్లు పోయింది నా వల్లనని. చివరిదాకా చెప్పాను. ఆమె ఎవరి డబ్బాలోకో నూనె పడుతోంది. ఆపలేదు. డబ్బా నిండాక కొళాయి కట్టేసి, గరాటు బోర్లించి, స్టూలు నా వైపు తోసి కూర్చోమంది. అరగంట కూర్చున్నాను.

మామగారు వేసవి దాకా నాతో మాట్లాడలేదు. ఈ మాట ముందే చెప్పాల్సిందని మా ఆయన మాత్రం అన్నాడు. కొన్నాళ్లకు జనం మళ్లీ ఆమె దగ్గరికే రావడం మొదలుపెట్టారు. ఆ సంక్రాంతి లోపే ఆమె ముత్తయ్యను దుకాణంలో పెట్టుకుంది. కళ్లు సరిగ్గా ఆనడం లేదని, డ్రమ్ములు దొర్లించడానికి ఒక మనిషి కావాలని చెప్పింది. కళ్లు బాగానే ఉన్నాయని అందరికీ తెలుసు. ఆమె ఎంత మంచి మనిషి అని ఊరంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ముత్తయ్య ఎడమచేత్తో నూనె రుద్ది చూడటం నేర్చుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆమె చెప్పిందీ అతను చెప్పిందీ తేడా లేకుండా పోయింది.

తర్వాత కాలం మారింది. కొత్త బండ్లు వచ్చాయి, వాటితోపాటే మూత బిగించిన డబ్బాల్లో వాటి నూనెలు వచ్చాయి. ఏది పోయాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. పాత బండ్లున్నవాళ్లే ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. అందుకు ఆమె దిగులుపడటం నేను చూడలేదు. రాసి ఉంటే మంచిదే, నన్ను అడిగే పని తప్పుతుంది అనేది.

మేం పొలం కౌలుకిచ్చి ఖమ్మం మారిపోయే ముందు, చెప్పి వెళ్దామని ఆమె దగ్గరికి వెళ్లాను. మూడేళ్ల కిందటి మాట. మధ్యాహ్నం. ముత్తయ్య అన్నానికి వెళ్లాడు. ఆమె దుకాణం ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. ఏవేవో మాట్లాడుకున్నాక, నా ముఖం చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఆనాడు నువ్వు తెచ్చిన సీసా మీ బండిది కాదని నాకు అప్పుడే తెల్సు."

నేను ఆమె వైపు తిరిగాను.

"మీ మామ ఏండ్ల సంది పోసిన ఆ నూటనలభై ఘాటు నూనె లోపల ఇత్తడిని తిన్నది. మీ బండిల ఏది పోసినా ఎండకు పెడితే సన్నగ బంగారం పొడి లెక్క మెరుస్తది. ఎన్నిసార్లు కడిగినా ఆ మెరుపు ఉంటది. నీ సీసాల అది లేదు."

"మరి ఎందుకిచ్చినవక్కా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. దాచుకోవడానికి కాదు, సరిగ్గా చెప్పడానికి.

"ఎనక నలభై మంది. పొద్దటి సంది నిలబడి కాళ్లు పీకుతున్నయి. నిన్ను అడిగితే నువ్వు ఏడుస్తవు, నిన్ను మళ్ల పంపాలె, నీ నారు ఎండుతది. ఒక్కపారికి ఏమైతదిలే అనుకున్న. గంతే."

ఇన్నేళ్లుగా ఆ బరువు నా ఒక్కదానిదే అనుకున్నాను. మంచితనం అని ఊరంతా అన్నది ఆమెకు ఎలా వినిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది. ముత్తయ్యకు ఈ సంగతి తెలుసా అని అడిగాను.

"నిరుడు చెప్పిన," అంది.

"ఏమన్నడు?"

"ఏమనలె. రెండు దినాలు దుకాణానికి రాలె." ఆమె మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించి, చెప్పుల కోసం వెతుక్కుంది. "మూడోనాడు పొద్దుగాల వచ్చి తాళం తీసిండు."